టారిసెల్లి లెక్కలో 11 సెకన్లు, బకెట్ నిండేది 50 సెకన్లకు: పీడనం ఎక్కడ ఖర్చవుతోంది?

ఎంపీసీ_ఫస్టియర్ (ప్రశ్న)

ప్రవాహుల పాఠంలో టారిసెల్లి సూత్రం (చిల్లులోంచి వచ్చే నీటి వేగం √(2జీహెచ్), హెచ్ అంటే చిల్లుకు పైన నీటి ఎత్తు) అయ్యాక దాన్ని ఇంట్లో కొళాయికి వేసి చూశాను. లెక్కకీ బకెట్‌కీ పొంతనే లేదు. కొలతలు రాస్తున్నాను, తప్పెక్కడో చెప్పండి.

ఇల్లు జీ ప్లస్ 1. ట్యాంకు నేరుగా పైస్లాబు మీదే ఉంది, దిమ్మ లేదు. నిండా ఉన్నప్పుడు లోపల నీళ్లు 80 సెంటీమీటర్లు. ఒక్కో అంతస్తు, స్లాబుతో కలిపి, 3.1 మీటర్లు. కింది వాటాలో కొళాయి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అంటే నీటి మట్టం నుంచి కొళాయి మూతి దాకా 3.1 + 3.1 − 0.75 + 0.8 = 6.25 మీటర్లు.

వేగం √(2 × 9.8 × 6.25) = 11.07 మీ/సె. పైపు అరంగుళం కాబట్టి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు 1.4 లీటర్లు రావాలి, 15 లీటర్ల బకెట్ 11 సెకన్లలో నిండాలి. కొళాయి పూర్తిగా తిప్పి ఫోన్‌లో టైమర్ పెడితే 50 సెకన్లు పట్టింది. నాలుగో వంతు కూడా రావడం లేదు!

ట్యాంకు నుంచి 1 అంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్) లైను 8 మీటర్లు దిగి, అక్కడ టీ (మూడు దారుల ఫిట్టింగు) పడి, అరంగుళం పైపు 4 మీటర్లు నడిచి కొళాయికి వస్తుంది. అరంగుళం లైన్లో ఎల్బోలు 3, అంగుళం లైన్లో 4. ట్యాంకు మొదట్లో ఒక వాల్వ్ ఉంది.

ఇంకో రెండు సందేహాలు. మేడ మీద షవర్ నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి, అక్కడ అదే బకెట్‌కి రెండున్నర నిమిషాలు. ట్యాంకు పెద్దది వేస్తే ప్రెజర్ పెరుగుతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు, పైపు మార్చాలని ప్లంబర్ అంటున్నాడు. పుస్తకంలో పీడనం అంటే హెచ్ రో జీ (ఎత్తు × సాంద్రత × గురుత్వ త్వరణం) అని మాత్రమే ఉంది, అందులో పైపు వ్యాసం గానీ ట్యాంకు వెడల్పు గానీ లేవు. మరి ఎవరిది నిజం?

---

పైపులైన్_లెక్కలు

మీ కొలతలు బాగున్నాయి, కూడికలోనూ తప్పు లేదు. తప్పల్లా సూత్రాన్ని పెట్టిన చోట ఉంది. టారిసెల్లి సూత్రం ట్యాంకు గోడకు పెట్టిన చిల్లుకు సరిపోతుంది. 12 మీటర్ల పైపు, ఏడు ఎల్బోలు, ఒక టీ, ఒక కొళాయి దాటి వచ్చే నీటికి అది గరిష్ఠ హద్దు మాత్రమే. అంతకంటే వేగంగా రావడం కుదరదు అని చెబుతుంది, అంత వస్తుందని చెప్పదు.

చేయాల్సింది ఇంతే. బెర్నూలీ సమీకరణం ఒక వైపు "నష్టం" అనే పదం చేర్చి మళ్లీ రాయండి. మొత్తం 6.25 మీటర్ల ఎత్తు = చివర మిగిలిన గతిజశక్తి ఎత్తు + దారిలో ఘర్షణకు పోయిన ఎత్తు. ఈ లెక్కంతా మీటర్లలోనే చేస్తే సుఖం, పాస్కళ్లు కావాలంటే ఆఖర్న 9,800తో గుణించుకోవచ్చు.

ముందు ఒక సవరణ. సీపీవీసీ అరంగుళం పైపు అంటే లోపల అరంగుళం ఉండదు. ఎస్‌డీఆర్ 11 (పైపు గోడ మందాన్ని సూచించే అంకె) రకంలో బయటి వ్యాసం 15.9, లోపలిది సుమారు 12.4 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళానికి లోపల 18.2, అంగుళానికి 23.4. లెక్కకు పనికొచ్చేది లోపలి వ్యాసమే. పైపు మీద ముద్రించిన సైజు పెట్టుకుని చేస్తే వ్యాసం పెద్ద ఘాతంలో ఉన్న చోటల్లా తేడా పెరిగిపోతుంది.

మీకు వస్తున్నది 15 ÷ 50 = సెకనుకు 0.30 లీటరు. అరంగుళం పైపు వైశాల్యం 1.21 చదరపు సెంటీమీటర్లు కాబట్టి అందులో వేగం 2.48 మీ/సె. అంగుళం పైపులో 0.70 మీ/సె. వేగవర్గాన్ని రెండు జీతో భాగిస్తే వచ్చే "వేగపు ఎత్తు" అరంగుళంలో 0.314 మీటరు, అంగుళంలో 0.025 మీటరు. మిగతా నష్టాలన్నీ వీటికి గుణిజాలే.

పైపు ఘర్షణకు గుణకం: ఎఫ్ × పొడవు ÷ వ్యాసం. ఈ ఎఫ్ నున్నటి ప్లాస్టిక్ పైపులకు 0.316ని రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నున్నగా సాగుతోందా, సుడులు తిరుగుతోందా చెప్పేది) నాలుగో మూలంతో భాగిస్తే వస్తుంది. అరంగుళంలో 0.023, అంగుళంలో 0.027. ఎల్బో ఒక్కోదానికి 0.9, టీలో పక్కకు మళ్లే దారికి 1.8, ట్యాంకు మూతికి 0.5, పూర్తిగా తెరిచిన వాల్వ్‌కి 0.2, మామూలు కొళాయికి 6 వేశాను. ఫిట్టింగుల అంకెలు పుస్తకానికీ పుస్తకానికీ కాస్త మారతాయి, ముఖ్యంగా కొళాయిది దాని లోపలి నిర్మాణాన్ని బట్టి చాలా మారుతుంది. ఇప్పుడు ఖర్చు చూడండి:

అంగుళం పైపు, 8 మీటర్లు: 0.23 మీ.
అంగుళం లైన్లో మూతి, వాల్వ్, 4 ఎల్బోలు: 0.11 మీ.
అరంగుళం పైపు, 4 మీటర్లు: 2.33 మీ.
టీ, 3 ఎల్బోలు: 1.41 మీ.
కొళాయి: 1.88 మీ.
బకెట్లో పడే నీటి వేగానికి: 0.31 మీ.

కలిపితే 6.27. మీ 6.25తో ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది, కొళాయి గుణకం 6 బదులు 8 అయితే మొత్తం 6.9 అయ్యేది. కానీ వాటాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 8 మీటర్ల లావు పైపు మొత్తం తిన్నది 23 సెంటీమీటర్లు, 4 మీటర్ల సన్న పైపు తిన్నది అంతకు పది రెట్లు. ఎల్బోలనూ చులకనగా చూడకండి, ఈ లైన్లో ఒక్కో ఎల్బో అరమీటరు పైపుతో సమానం.

ఇక ప్లంబర్ మాట. ఆ 4 మీటర్లూ ముప్పావు అంగుళం చేస్తే, అదే 0.30 లీటరు ప్రవాహానికి పైపు నష్టం 2.33 నుంచి 0.38కి, టీ, ఎల్బోల నష్టం 1.41 నుంచి 0.31కి దిగుతుంది. మొత్తం ఖర్చు 3.2 మీటర్లే. మన దగ్గర 6.25 ఉంది కాబట్టి ప్రవాహం √(6.25 ÷ 3.2) రెట్లు, అంటే దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. సెకనుకు 0.42 లీటరు, బకెట్ 36 సెకన్లు.

పైపు మార్చకుండా ఇదే 1.4 రెట్లు ఎత్తుతో సాధించాలంటే? ప్రవాహం ఎత్తు వర్గమూలంతోనే పెరుగుతుంది. అంటే ఎత్తు రెట్టింపు కావాలి, ట్యాంకును ఇంకో 6 మీటర్లు పైకి లేపాలి. కింది కొళాయి వరకూ ప్లంబర్ చెప్పిందే నిజం.

హెచ్ రో జీ అబద్ధం కాదు. కొళాయి కట్టేసి ఉన్నప్పుడు అక్కడ పీడనం నిఖార్సుగా 61,250 పాస్కళ్లు, 0.61 బార్. పైపు సన్నదైనా లావుదైనా అంతే. కొళాయికి ముందు ఒక గేజ్ బిగిస్తే అదే చూపిస్తుంది. కొళాయి తిప్పగానే ముల్లు 0.18 బార్‌కి పడిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు అక్కడ మిగిలింది కొళాయిని దాటడానికి కావలసిన 1.88 మీటర్లే. నీళ్లు కదలనప్పుడు ఘర్షణ సున్నా, కదిలినప్పుడే ఖర్చు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది.

---

స్నిగ్ధత

పై లెక్కకు ఒక హెచ్చరిక జోడిస్తాను, ఎందుకంటే తర్వాత చాలామంది చేసే పని ఇదే: "ఘర్షణ ఉంది కదా, పుస్తకంలో పాయిజే సూత్రం ఉంది కదా" అని అది (స్నిగ్ధత ఉన్న ద్రవం గొట్టంలో ఎంత పారుతుందో చెప్పే సూత్రం) వేసేస్తారు. వేసి చూడండి. వ్యాసార్ధం 6.2 మిల్లీమీటర్లు, పీడనం 61,250 పాస్కళ్లు, పొడవు 4 మీటర్లు, 27 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 0.00085 పాస్కల్ సెకను. వచ్చే జవాబు సెకనుకు 10.5 లీటర్లు! పైపులో వేగం 86 మీ/సె. ఘర్షణ అసలే లేదనుకున్న టారిసెల్లి కూడా సెకనుకు 1.3 లీటర్లకు మించి ఇవ్వలేదు. ఘర్షణ కలిపితే ప్రవాహం ఎనిమిది రెట్లు పెరిగిందంటే సూత్రం ఇక్కడ చెల్లదనే అర్థం.

కారణం రేనాల్డ్స్ సంఖ్య. వేగం × వ్యాసం ÷ శుద్ధగతిక స్నిగ్ధత (స్నిగ్ధత ÷ సాంద్రత) = 2.48 × 0.0124 ÷ 0.00000086, అంటే దాదాపు 36,000. పాయిజే సూత్రం ధారారేఖా ప్రవాహానికే, సంఖ్య 2,000 లోపు ఉంటేనే. మీ పైపులో ప్రవాహం పూర్తిగా సంక్షుబ్ధం, అంటే సుడులు తిరిగేది. సెలైన్ ట్యూబులో, సిరంజి సూదిలో పాయిజే పనిచేస్తుంది, ఇంటి పైపులో పనిచేయదు. అందుకే పైన ఎఫ్ అనే గుణకంతో చేశారు.

దీనివల్ల ఇంకో సంగతి కూడా మారుతుంది. పాయిజేలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతం. సంక్షుబ్ధ ప్రవాహంలో, ఒకే ప్రవాహానికి నష్టం వ్యాసం అయిదో ఘాతానికి దాదాపు విలోమం. ఉప్పు నీళ్ల ఊళ్లలో, పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపుల్లో దీని దెబ్బ తెలుస్తుంది. లోపల చుట్టూ 1 మిల్లీమీటరు పేరుకుంటే 12.4 కాస్తా 10.4 అవుతుంది, అదే ప్రవాహానికి ఘర్షణ 2.4 రెట్లు.

ఇంట్లో చూసుకోవడానికి చిన్న ప్రయోగం. 2 లీటర్ల ప్లాస్టిక్ బాటిల్ పక్కన వేడి మేకుతో 4 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి, అంచుల్లో కరిగిన ప్లాస్టిక్ ముద్దలుంటే బ్లేడుతో తీసేయండి, లేకపోతే ధార చిమ్ముతుంది. చిల్లు బల్ల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా బాటిల్ కింద పుస్తకాలు పెట్టండి. చిల్లుకు పైన నీళ్లు 16 సెంటీమీటర్లు ఉండగా ధార పడాల్సిన దూరం 2 × √(16 × 25) = 40 సెంటీమీటర్లు. 39 దాకా వస్తుంది, టారిసెల్లి ఇక్కడ చక్కగా నిలబడతాడు. మూత తీసే ఉంచాలి. బిగిస్తే లోపల గాలి పీడనం తగ్గి ధార ఆగిపోతుంది.

వేగం ఇంత సరిగ్గా వచ్చినా, గ్లాసులో పట్టి కొలిస్తే ప్రవాహం లెక్కలో 60 శాతం దగ్గరే ఆగుతుంది. చిల్లు దాటిన వెంటనే ధార సన్నబడుతుంది, దాని వైశాల్యం చిల్లు వైశాల్యంలో 62 శాతమే.

ఇప్పుడు ఆ చిల్లుకు సెలైన్ ట్యూబు తగిలించండి, ముందు 20 సెంటీమీటర్ల ముక్క, తర్వాత మీటరు ముక్క. రెండోది చాలా నెమ్మదిగా కారుతుంది. ఒక్క జాగ్రత్త, రెండు సార్లూ ట్యూబు చివర ఒకే ఎత్తులో ఉండాలి. పొడవు ట్యూబును కిందికి వేలాడదీస్తే ఎత్తు కూడా పెరిగిపోయి ఫలితం తారుమారవుతుంది.

---

ఎంపీసీ_ఫస్టియర్

వాటాల లెక్క అర్థమైంది, ధన్యవాదాలండీ. అయితే షవర్‌కి కూడా ముప్పావు అంగుళం వేయిస్తే సరిపోతుందా? షవర్ మూతి మేడ మీద గది నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తులో ఉంది. అంగుళం లైను నుంచి విడిపోయి అరంగుళం పైపు 3 మీటర్లు, ఎల్బోలు 4, తర్వాత వేడినీళ్లు చన్నీళ్లు కలిపే మిక్సర్, షవర్. ఇంకొకటి, గాలి పీడనం 1.01 బార్‌ని ఎక్కడా కలపలేదు, ఎందుకు?

---

జల_యంత్రం

గాలి పీడనం ట్యాంకులో నీటి మట్టం మీదా ఉంది, కొళాయి మూతి దగ్గరా ఉంది. రెండు వైపులా ఒకటే కాబట్టి కొట్టుకుపోయింది. ట్యాంకు మూత గట్టిగా బిగించి, ఓవర్‌ఫ్లో పైపు కూడా మూసుకుపోతే మాత్రం కొట్టుకుపోదు. లోపల శూన్యం ఏర్పడి ప్రవాహం క్రమంగా తగ్గుతుంది. ఓవర్‌ఫ్లో పైపులో కందిరీగలు గూడు కట్టడం అరుదేం కాదు, ఒకసారి చూడండి.

షవర్ సంగతి వేరు. ఇక్కడ ఎత్తు 3.1 − 2.1 + 0.8 = 1.8 మీటర్లే, 0.18 బార్. బకెట్‌కి 150 సెకన్లంటే సెకనుకు 0.10 లీటరు, పైపులో వేగం 0.83 మీ/సె, వేగపు ఎత్తు 3.5 సెంటీమీటర్లు. పై పద్ధతిలోనే వేస్తే అరంగుళం పైపు నష్టం 26 సెంటీమీటర్లు, టీ, ఎల్బోలు 19, అంగుళం లైను 3 సెంటీమీటర్ల లోపు. మొత్తం అరమీటరు కూడా లేదు. మిగతా 1.3 మీటర్లు మిక్సర్లోనూ షవర్ చిల్లుల్లోనూ పోతోంది.

కాబట్టి ఇక్కడ ముప్పావు అంగుళం వేయించి టైల్స్ పగలగొట్టించుకోవద్దు. లాభం 12 శాతం దాటదు. కింద కొళాయికి నప్పిన మందు పైన షవర్‌కి నప్పదు, ఖర్చు ఎక్కడుందో చూసి అక్కడే చేయి పెట్టాలి.

ముందు షవర్ తలను విప్పి, ఉత్తి పైపు నుంచి బకెట్ పట్టండి. సమయం సగానికి పడితే దోషం షవర్‌దే. చిల్లుల్లో తెల్లగా ఉప్పు కడితే రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. మెడ దగ్గర రబ్బరు వాషర్ వెనక చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటే అది నీటి పొదుపు కోసం పెట్టిన అడ్డు. మునిసిపల్ ప్రెజర్ లైనుకు సరే, 0.18 బార్ దగ్గర అది నీటిని ఆపేస్తుంది, తీసేయండి. విప్పినా సమయం పెద్దగా మారకపోతే మిక్సర్‌ని అనుమానించండి. దాని రెండు కాళ్ల దగ్గరా జాలీలుంటాయి, కొత్త ఇళ్లలో వాటి నిండా సిమెంటు, ఇసుక రేణువులే.

తర్వాతది గాలి. స్లాబు మీద పైపు ఎక్కడైనా పైకి లేచి దిగుతోందా? పారాపెట్ గోడ ఎక్కించి దింపారా? ఆ మూపు దగ్గర గాలి చేరుతుంది. దిగే నిలువు భాగంలో 30 సెంటీమీటర్ల మేర గాలి నిలిచిందంటే ఆ 30 సెంటీమీటర్ల నీటి బరువు మీకు లేనట్టే. 6.25లో అది లెక్కలోకి రాదు, 1.8లో ఆరో వంతు. ట్యాంకు ఖాళీ చేసి కడిగిన తర్వాత షవర్ మొరాయిస్తే చాలాసార్లు ఇదే కారణం. నివారణ ఎయిర్ పైపు: ట్యాంకు వాల్వ్ దాటిన వెంటనే టీ వేసి నిలువు పైపు లేపి పై చివర తెరిచి వదలాలి. అది ట్యాంకులో నిండు మట్టం కంటే కనీసం ఓ జానెడు ఎత్తుండాలి, లేకపోతే ట్యాంకు నిండినప్పుడల్లా అందులోంచి నీళ్లు పొర్లుతాయి. చివర ఎల్బోతో కిందికి వంచి జాలీ కడితే దోమలు దూరవు. లైన్లో మూపు ఇంకెక్కడైనా ఉంటే ఈ పైపు దాన్ని సరిచేయదు, ఆ మూపునే తీసేయాలి.

ఇవన్నీ అయ్యాకే ఎత్తు. ట్యాంకును 1 మీటరు దిమ్మ మీదికి ఎక్కిస్తే షవర్ ఎత్తు 1.8 నుంచి 2.8 అవుతుంది, ప్రవాహం √(2.8 ÷ 1.8), 25 శాతం పెరుగుదల. అదే మీటరు కింది కొళాయికి 8 శాతమే ఇస్తుంది. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే 9,800 న్యూటన్లు. దిమ్మ గోడలు దూలాల మీదికి, స్తంభాల మీదికి రావాలి, స్లాబు నడిమధ్యన కాదు. ఇది ఇంజనీరును అడిగి చేయాల్సిన పని.

కొత్త షవర్ కొనేటప్పుడు పెట్టె మీద కనీస ప్రెజర్ ఎంత రాశారో చూడండి. 0.5 బార్ అని ఉంటే దానికి 5.1 మీటర్ల ఎత్తు కావాలి, ఒక అంతస్తు ఇంటి దిమ్మతో అది తీరదు. అలాంటి షవర్ కావాలంటే ప్రెజర్ పంపు పెట్టుకోవాల్సిందే.

గేజ్ కొనకుండా కొలవాలంటే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపు తెచ్చుకోండి. షవర్ విప్పిన మూతికి క్లిప్పుతో బిగించి, మిగతా పైపును నిలువుగా పైకి పట్టి, మిక్సర్ తిప్పండి. కొద్దిసేపు ఊగిసలాడి నీళ్లు ఒక చోట నిలుస్తాయి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు షవర్ మూతి నుంచి అక్కడికి ఎత్తు 1.8 మీటర్లు ఉండాలి, సెంటీమీటరుకు 98 పాస్కళ్లు. గదిలో పైకప్పు అడ్డొస్తుంది కాబట్టి కిటికీలోంచి బయటికి తీసి పైకి పట్టుకోవాలి. 1.8 కంటే తక్కువ దగ్గర ఆగిందంటే ఆ తేడా లైన్లో ఇరుక్కున్న గాలి. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఘర్షణ ఉండదు కాబట్టి ఆ తేడాకు ఇంకో కారణం వెతకక్కర్లేదు. అయితే లెవెల్ పైపులోనే బుడగలు లేకుండా చూసుకోండి.

---

జేఎల్_భౌతికశాస్త్రం

పెద్ద ట్యాంకు ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు కాబట్టి అది నేను రాస్తాను. పరీక్షలో కూడా పిల్లలు తడబడేది ఇక్కడే.

"1,000 లీటర్లు నొక్కితే ఎక్కువ, 500 నొక్కితే తక్కువ" అనే ఆలోచనలో బలాన్నీ పీడనాన్నీ కలిపేస్తున్నారు. ట్యాంకు అడుగు వైశాల్యం రెట్టింపైతే నీటి బరువూ రెట్టింపు, దాన్ని మోసే వైశాల్యమూ రెట్టింపు. పైపు మూతి మీద నిలబడింది ఆ మూతి వెడల్పున్న నీటి స్తంభమే, పక్కనున్న నీటి బరువును స్లాబు మోస్తోంది. వెడల్పు ట్యాంకు వల్ల లాభం ఒకటే, మట్టం నెమ్మదిగా దిగుతుంది. 100 లీటర్లు వాడితే 1 చదరపు మీటరు ట్యాంకులో మట్టం 10 సెంటీమీటర్లు, అర చదరపు మీటరు దాంట్లో 20 సెంటీమీటర్లు పడుతుంది. 1.8 మీటర్ల షవర్‌కి ఆ తేడా కాస్త తెలుస్తుంది. ఎత్తైన సన్నటి ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ ప్రెజర్ ఇస్తుంది, తర్వాత త్వరగా పడిపోతుంది.

ఇది నమ్మకం కుదరని వాళ్లకు ఈ లెక్క ఇవ్వండి. అడుగు 100 చదరపు సెంటీమీటర్లున్న డబ్బా, ఎత్తు 20 సెంటీమీటర్లు. దాని మూతలోంచి 1 చదరపు సెంటీమీటరు గొట్టం 30 సెంటీమీటర్లు పైకి లేచింది. రెండూ నీళ్లతో నిండాయి. నీటి పరిమాణం 2,030 ఘనసెంటీమీటర్లు, బరువు 19.9 న్యూటన్లు. అడుగున పీడనం అర మీటరు నీటిది, 4,900 పాస్కళ్లు. అడుగు మీద బలం 4,900 × 0.01 = 49 న్యూటన్లు. నీటి బరువు 20 కూడా లేదు, అడుగు మీద 49!

మరి త్రాసు మీద పెడితే 49 చూపిస్తుందా? చూపించదు. డబ్బా పైమూతను కింద నుంచి నీళ్లు పైకి నెడుతున్నాయి. అక్కడ పీడనం 30 సెంటీమీటర్లది, 2,940 పాస్కళ్లు, వైశాల్యం 99 చదరపు సెంటీమీటర్లు, బలం 29.1 న్యూటన్లు. డబ్బా ఒకే వస్తువు కాబట్టి అడుగు మీద కిందికి 49, మూత మీద పైకి 29.1, నికరం 19.9. న్యూటన్ మూడో నియమం ప్రకారం మూత కూడా నీటిని అదే 29.1తో కిందికి నొక్కుతోంది, అడుగున అదనంగా కనిపించిన బలం అక్కడి నుంచి వచ్చిందే. నీటికి ఒకటి, డబ్బాకి ఒకటి, రెండు స్వేచ్ఛా వస్తు పటాలు (ఆ ఒక్క వస్తువు మీద పనిచేసే బలాలే చూపే బొమ్మలు) విడివిడిగా గీయిస్తే అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. ఒకే పటంలో అన్ని బాణాలూ గీస్తే ఎవరికీ అర్థం కాదు.

పరీక్ష విషయం. "ట్యాంకు పక్కన రంధ్రం" అని అడిగితే √(2జీహెచ్) రాయండి, కానీ దానికి ముందు ఒక వాక్యం రాయండి: ప్రవాహి అసంపీడ్యం, స్నిగ్ధత ఉపేక్షణీయం, ప్రవాహం నిలకడైనది, రంధ్రంతో పోలిస్తే ట్యాంకు వైశాల్యం చాలా ఎక్కువ. మీ బకెట్ 50 సెకన్లు పట్టడానికి కారణం ఈ వాక్యంలోని రెండో షరతు.

---

ఎంపీసీ_ఫస్టియర్

షవర్ బిళ్ల తీసి చూశాను, అదే బకెట్ ఇప్పుడు 105 సెకన్లకు నిండుతోంది. చివరగా ఒకటి. కింది కొళాయిని పాత తిప్పుడు రకం తీసి పావు తిప్పు రకం పెట్టారు. గబుక్కున కట్టేస్తే గోడలో టక్కుమని చప్పుడు వస్తోంది. ఇది కూడా ప్రెజరేనా?

---

పైపులైన్_లెక్కలు

అవును, ఈసారి ద్రవ్యవేగం వల్ల. ప్రవాహం సెకనుకు 0.30 లీటరే అనుకుందాం. అరంగుళం పైపులో 0.48 కిలోల నీరు 2.48 మీ/సెతో, అంగుళం పైపులో 3.44 కిలోలు 0.70 మీ/సెతో కదులుతున్నాయి. కొళాయి 0.2 సెకన్లలో మూసుకుంటే అన్నీ ఆ వ్యవధిలోనే ఆగాలి. సన్న పైపులో బలం 0.48 × 2.48 ÷ 0.2 = 6 న్యూటన్లు, వైశాల్యంతో భాగిస్తే దాదాపు 0.5 బార్. లావు పైపులో 12 న్యూటన్లు, 0.28 బార్. రెండూ కలిసి 0.78 బార్, మామూలు 0.61కి అదనంగా. అంటే క్షణంపాటు 1.4 బార్ దగ్గర.

ఇది నీళ్లు సమంగా నెమ్మదించాయనుకుని చేసిన సగటు. కొళాయి మూసుకునేటప్పుడు ప్రవాహం చాలామటుకు ఆఖరి కొద్ది డిగ్రీల తిప్పులోనే ఆగుతుంది, కాబట్టి అసలు శిఖరం ఇంకా ఎక్కువ. సీపీవీసీ పైపు ఈ మాత్రానికి పగలదు. మీరు వినేది పైపు గోడకు కొట్టుకునే చప్పుడు, ఎక్కడో క్లాంపు వదులైంది. కనిపించే చోట పైపుకు ప్రతి మీటరుకూ ఒక క్లాంపు బిగించండి, ఎల్బోకు రెండు వైపులా తప్పనిసరిగా. కొళాయిని ఒక సెకను పట్టేలా కడితే ఆ 0.78 కాస్తా 0.16కి దిగుతుంది.

షవర్ 150 నుంచి 105కి వచ్చిందంటే ప్రవాహం 1.43 రెట్లు. బిళ్ల ఒక్కటే మొత్తం ఎత్తులో దాదాపు సగం తినేసిందన్నమాట. మిక్సర్ జాలీలు కూడా విప్పి చూసి, ఆ అంకె కూడా ఇక్కడ పెట్టండి.